పటంలో లేని బాణం

జూన్ 3, సోమవారం

కాలేజీలో రెండుసార్లు డైరీ మొదలుపెట్టాను. రెండుసార్లూ పదో రోజుకల్లా అది సరుకుల జాబితా అయిపోయింది. ఈసారి నిలబడుతుందేమో చూడాలి. ఎవరికీ చెప్పలేని మాటలు మొదటి రోజే పోగయ్యాయి మరి.

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ప్లానింగ్ విభాగం. విభాగం అంటే ఒక టేబులు, ఒక కిటికీ, నేను. కిటికీలోంచి ఎడమకి చూస్తే రెక్కల గది, కుడికి చూస్తే గేటు. రెక్కల గది మావయ్యది. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోనే ఉన్నాడు. నా కాగితాలు తీసుకెళ్లి జీఎం గారి చేతిలో పెట్టింది కూడా ఆయనే. నేను ఉంటున్నది ఆయన ఇంట్లో, పై గదిలో.

పొద్దున ఇద్దరం కలిసే వెళ్లాం. గేటు ముందు ఆగి వేలు చూపించాడు.

"ఇదిగో పండితురాలా, లోపల నేను నీకు మావయ్యని కాను. రెక్కల మాస్టారుని. సాయంత్రం బయటికొచ్చాక మళ్లీ మావయ్యని అవుతాను. అర్థమైందా?"

"అర్థమైంది మాస్టారూ."

"ఇంకా గేటు దాటలేదు కదే!"

జూన్ 5

రెక్కల గదిలో గంటసేపు కూర్చున్నాను. రంగు వేసుకుని వచ్చిన ఒక్కో రెక్కనీ త్రాసులో పెట్టి, వెనకవైపు సుద్దముక్కతో బరువు రాస్తాడు. ఒకే బరువున్న మూడింటిని కలిపి తాడు కడతాడు. వాటిని అక్కచెల్లెళ్లు అంటాడు. ముగ్గురిలో ఒకరు తేడాగా ఉన్నా ఫ్యాను తల ఊపుతుందిట. జత కుదరని రెక్కలు గోడ నిండా ఉన్న చెక్క అరల్లో ఎదురుచూస్తుంటాయి.

"వీళ్లెవరు మాస్టారూ?"

"వీళ్ల చెల్లెళ్లింకా పుట్టలేదు. రంగుల గదిలో ఉన్నారు. పుట్టేదాకా కూర్చోవాల్సిందే."

తూచాక ప్రతి రెక్కనీ కిటికీ పక్కనున్న నాపరాయి మీద పెట్టి, కళ్లు మూసుకుని కొస నుంచి కొస దాకా వేలితో రాస్తాడు. ఎందుకని అడిగాను.

"ఊరికే. అలవాటు."

అలవాటే కదా అని నోట్సులో రాసుకోలేదు.

జూన్ 10, సోమవారం

సోమవారం మీటింగు అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఒక్కో విభాగం పెద్ద లేచి తన లెక్క చదువుతాడు. ఇన్ని రెక్కలు కొట్టాం, ఇన్నిటికి రంగు వేశాం, ఇన్ని మోటార్లు చుట్టాం. రెక్కల గది లెక్క చీటీ మీద వస్తుంది, మావయ్య మీటింగుకి రాడు. అందరూ పోయిన వారం కంటే ఎక్కువే చేశారు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత సేల్సు ఆయన లేచి, దుకాణాలకి వెళ్లాల్సిన ఫ్యాన్లలో సగం కూడా వెళ్లలేదన్నాడు. పిల్లలందరూ ఫస్టుక్లాసులో పాసై, క్లాసు మొత్తం ఫెయిలైనట్టుంది.

జీఎం గారికి ఫ్యాక్టరీలో అందరూ పెట్టుకున్న పేరు ఒక్కముక్క. ఏం చెప్పబోయినా "ఒక్క ముక్కలో చెప్పండి" అంటారు. నా వైపు తిరిగారు.

"నువ్వు చదివింది ఇదే కదమ్మా? నాలుగు వారాలు తీసుకో. ఎందుకిలా అవుతోందో ఒక్క ముక్కలో చెప్పు."

ఆఖరి సంవత్సరంలో మాకొక సారు ఉండేవారు. ముక్కలు చూడొద్దు, ముక్కల మధ్య ఏం నడుస్తోందో చూడమనేవారు. ఇవాళ ఇక్కడ కనిపించే జబ్బు ఎప్పుడో ఇంకెక్కడో మొదలై ఉంటుందనేవారు. మధ్యాహ్నం క్లాసు. మెలకువగా విన్నది నేనొక్కదాన్నే.

ఇప్పుడు నా చేతికొక ఫ్యాక్టరీ మొత్తం దొరికింది.

జూన్ 19

పటం పెరుగుతోంది. ప్యాకింగు నుంచి దళసరి కాగితం తెచ్చి నాలుగు షీట్లు అతికించాను. విభాగానికో గుండ్రం. ఎవరివల్ల ఎవరికి ఏం జరుగుతుందో బాణం. నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నాను: కాగితం ఉంటేనే బాణం. రిజిస్టరో, చీటీయో, ఆర్డరో చూపించాలి. విన్న మాటలకి బాణం లేదు. చదువుకున్నదానికీ, కబుర్లు మోసేవాళ్లకీ ఆ మాత్రం తేడా ఉండాలి.

కథ ఇదీ. సోమవారం మీటింగులో తన సంఖ్య తగ్గకూడదని రంగుల మేస్త్రి రంగు మార్చడు. మార్చాలంటే గొట్టాలు కడగాలి, సగం రోజు పోతుంది. అందుకని నాలుగు రోజులు తెలుపే, ఆ తర్వాత నాలుగు రోజులు గోధుమరంగే. దాంతో ఒక రెక్కకి జత దొరకాలంటే వారం పడుతుంది. అరలు నిండిపోతాయి. చూసేవాళ్లకి కుప్ప కనిపించేది రెక్కల గది ముందు. దాన్ని పోస్తున్నది మాత్రం సోమవారం మీటింగు.

కుప్ప ఉన్నచోట కారణం ఉండదు. కింద రెండు గీతలు గీశాను.

పటం ఇంటికి తెచ్చి హాల్లో పరిచాను. మావయ్య దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇన్ని బాణాలేమిటే? ఎవరి మీదకి యుద్ధం?"

"అన్నం చల్లారిపోతోంది. యుద్ధం తిన్నాక చేసుకోండి" అంది అత్తయ్య.

జులై 8, సోమవారం

చెప్పాను. అరగంట. బాగానే చెప్పాను. రంగు మార్పు గురించి చెప్పాను, జత కోసం ఎదురుచూపు గురించి చెప్పాను, మీటింగు గురించి కూడా కాస్త మెత్తగా చెప్పాను.

జీఎం గారు గడియారం చూసుకున్నారు.

"బాగుందమ్మా. చాలా బాగుంది. ఇంత పని ఇక్కడెవరూ చేయలేదు. ఇప్పుడు ఒక్క ముక్కలో చెప్పు, ఎక్కడ ఆగుతోంది?"

ఎందుకు అని అడగలేదు. ఎక్కడ అని అడిగారు. పదిమంది నా చేతివంకే చూస్తున్నారు. బాగుందన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఏడు బాణాలు వచ్చి కలిసిన గుండ్రం మీద వేలు పెట్టాను.

రంగుల మేస్త్రి నా వేలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

నేను ఎవరి పేరూ చెప్పలేదు. గుండ్రంలో 'రెక్కలు' అనే ఉంది.

జులై 9

నేను పేరు చెప్పలేదు.

జులై 15, సోమవారం

ఆర్డరు వచ్చింది. రెక్కల గదికి తూచే మిషను వస్తుంది. ఇకమీదట ఐదు గ్రాముల తేడా వరకూ పరవాలేదు, కాబట్టి జత కోసం ఆగే పని లేదు. చెక్క అరలు తీసేస్తారు. మిషను మీద ప్యాకింగు నుంచి ఒకావిడని వేశారు. ఇద్దరు పిల్లల తల్లి, ఊరందరికీ వదిన. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరూ ఆవిణ్ణి వదినా అనే పిలుస్తారు. మావయ్యని గేటుకి మార్చారు. లారీల నంబర్లు, వచ్చేపోయేవాళ్ల సంతకాలు. "సీనియరు, నమ్మకస్తుడు. గేటు దగ్గర అలాంటి మనిషి ఉండాలి" అన్నారు జీఎం గారు. నా పటానికి అద్దం వేయించి వాళ్ల గదిలో పెట్టించుకున్నారు.

సాయంత్రం ఇంట్లో నేనే కదిపాను.

"నీడ పట్టున కూర్చునే పని. మోకాళ్లకి కూడా మంచిది. నాకేం?" అన్నాడు మావయ్య. పెరుగు కలుపుకుని తిన్నాడు. గ్లాసులో నీళ్లు నాకే ముందు పోశాడు.

వేలి సంగతి తెలిసినట్టు లేదు. ఎవరు చెబుతారు? మీటింగులో మాటలు మీటింగులోనే ఉంటాయి.

జులై 30

అరలు విరిచి బయట పడేశారు. ఆ చెక్క మీద సుద్ద అంకెలు వానకి సగం చెరిగిపోయాయి.

ఆగస్టు 5, సోమవారం

ఫ్యాన్లు బయటికి వెళుతున్నాయి. సేల్సు ఆయన మొదటిసారి నవ్వాడు. పైపళ్లు రెండు లేవు, ఇవాళే చూశాను. నాకు చక్రాల కుర్చీ ఇచ్చారు, వెనక్కి వాలేది. ఆ కుర్చీ నాకు నచ్చింది. ఇందులో దాచడానికేముంది?

పని వేళలో బయటికెళ్లే ప్రతివాళ్లూ గేటు దగ్గర సంతకం చేయాలి. ఇవాళ బ్యాంకుకి వెళ్తూ ఆగాను. మావయ్య రిజిస్టరు నా వైపు తిప్పాడు.

"టైము కూడా వెయ్యాలి మేడం."

లోపల మావయ్యని కానని మొదటి రోజే చెప్పాడుగా. ఆ రూలే. ఇంట్లో కూడా ఈమధ్య పండితురాలా అని పిలవడంలేదు. అలసట అయి ఉంటుంది. కొత్త పని కదా.

ఆగస్టు 20

పై గదిలో ఫ్యానుకి చప్పుడు లేదు. ఎప్పుడూ లేదు. ఇవాళే గమనించాను.

సెప్టెంబరు 9, సోమవారం

నలభై ఫ్యాన్లు వెనక్కి వచ్చాయి. ఒకటే ఉత్తరం, ఒకటే మాట: తిప్పితే తల ఊపుతున్నాయి. సాయంత్రానికి ఇంకో అరవై.

నేనే ఒకదాన్ని విప్పించి రెక్కలు తూచాను. మూడూ గ్రాము తేడా లేకుండా ఉన్నాయి. మళ్లీ బిగించి తిప్పాం. మెడ విరుచుకున్నట్టు ఊగింది.

వదిన మిషను పక్కన నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"మిషను ఏ అంకె చెబితే ఆ అంకె ప్రకారమే కట్టానమ్మా. నా కళ్లకి ఏ తేడా కనిపించలేదు. నన్నేనా అంటారు?"

"నిన్నెందుకంటారు వదినా?" అన్నాను. ఎందుకంటారో నాకే బాగా తెలుసు.

సెప్టెంబరు 11

రంగుల గది. మేస్త్రి నన్ను చూసి కూడా పని ఆపలేదు. రంగు వేసిన రెక్కలు కొక్కేలకి వేలాడుతూ ఓవెన్లోకి వెళుతున్నాయి. చాలాసేపు చూశాను. మూడో కొక్కెం పక్కకి వాలి ఉంది. ఏడోది కూడా. వాలిన కొక్కేనికి వేలాడే రెక్కలో తడి రంగు ఒక కొసకి జారి అక్కడే ఆరిపోతోంది. బరువు మొత్తం అంతే ఉంటుంది, ఒక పక్కకి చేరుతుంది. త్రాసు ఎంతో చెబుతుంది, ఎక్కడో చెప్పదు. నాపరాయి మీద వేలితో రాస్తే తెలుస్తుంది.

ఊరికే. అలవాటు.

"ఈ కొక్కేలు ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?" అని అడిగాను.

"కొక్కెం అన్నాక వంగుతూనే ఉంటుంది. రోజూ పదకొండింటికి మీ మావయ్య టీ గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. 'ఒరే, నీ మూడోవాడు తాగొచ్చాడ్రా' అనేవాడు. సుత్తి తీసుకుని ఒక్కటి ఇచ్చేవాణ్ణి. అయిపోయేది. ఇప్పుడెవరూ రారు. నాకేమో వంగింది ఎప్పుడో, ఏదో, ఇక్కణ్ణించి కనపడి చావదు."

"మరి నేను పటం వేసేటప్పుడు ఇది చెప్పలేదేం?"

"నువ్వడిగావా తల్లీ? ఏ రిజిస్టరు, ఏ చీటీ అనే కదా అడిగావు. టీ గ్లాసుకి రిజిస్టరేంటి?"

వెనక్కి తిరిగి వచ్చేస్తుంటే తనే అన్నాడు.

"నీ వేలి సంగతి ఆ సాయంత్రమే చెప్పేశాను ఆయనకి. దాచుకోవడం నా వల్ల కాలేదు."

"ఏమన్నాడు?"

"టీ తాగాడు."

సెప్టెంబరు 12

జులై ఎనిమిదినే తెలుసు. తొమ్మిదో తారీఖున నా బ్యాగు పట్టీ తెగితే ఆయనే కూర్చుని కుట్టాడు. పదిహేనున నీళ్లు నాకే ముందు పోశాడు. తెలిసే పోశాడు.

సెప్టెంబరు 16, సోమవారం

కొత్త పటం తీసుకెళ్లాను. సోమవారం మీటింగుకి ఒక గుండ్రం. నేను వారం వారం ఇచ్చే రిపోర్టుకి ఒక గుండ్రం. చిన్నది ఇంకొకటి, అందులో 'నేను' అని రాశాను. దాంట్లోంచి రెక్కల గదికి బాణం. టీ గ్లాసు బాణం చుక్కల్లో వేశాను, ఇప్పుడు లేదు కాబట్టి.

జీఎం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది మరీ పెద్దదైపోయిందమ్మా. ఒక్క ముక్కలో చెప్పు. తప్పు మిషనుదా, మనిషిదా?"

రెండు చేతులూ టేబులు కింద పెట్టుకున్నాను.

"రెండూ కాదు సార్."

"ఏదో ఒకటి చెప్పాలి కదా?"

"మాస్టారిని గదికి పంపించండి సార్. ఆయన చేతికి తెలుస్తుంది."

ఆలోచించారు. "సరే. ఆవిడ కాంట్రాక్టు ఎలాగూ అక్టోబరు ఆఖరుతో అయిపోతుంది. పొడిగించక్కర్లేదు" అని అప్పటికప్పుడే ఆర్డరు టైపు చేయించారు. నువ్వే ఇచ్చేయమని నా చేతికిచ్చారు.

ఆ నిమిషంలో నాకు వదిన గుర్తుకు రాలేదు. ఇక్కడైనా నిజం రాయాలి. గేటు దగ్గర కాగితం అందుకుని మావయ్య నన్ను ఏమని పిలుస్తాడా అన్న ఒక్క ఆలోచనతోనే మెట్లు దిగాను.

ఆయన రెండుసార్లు చదివాడు. మడిచాడు.

"నేను లోపలికెళ్తే వదిన ఎక్కడికెళ్తుంది?"

మడిచిన కాగితం వంకే చూశాను.

"ప్యాకింగులో ఆవిడ చోట్లో వేరే మనిషిని వేసేశారు. గేటుకి ఆడవాళ్లని పెట్టరు. ఇంటికే కదా? మొన్న నన్ను లేపి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆవిణ్ణి లేపి నన్ను కూర్చోబెడతారు. రేపు నా కళ్లు మందగిస్తే ఇంకొకరిని లేపుతారు. ఇంతేనా నువ్వు చదివింది?"

"తిట్టు మావయ్యా. గట్టిగా తిట్టేయ్."

"తిడితే నీకు తేలికవుతుంది. ఎందుకు తిట్టాలి?"

లారీ వచ్చి హారన్ కొట్టింది. కాగితం నా చేతిలో పెట్టి, గేటు కర్ర ఎత్తడానికి వెళ్లాడు.

సెప్టెంబరు 18

మోకాళ్ల నొప్పుల వల్ల రెక్కల గదికి రాలేనని మావయ్యే రాసిచ్చాడు. జీఎం గారు వదినని పిలిచారు. రోజుకి ఇరవై ఫ్యాన్లు తగిలించి తిప్పి చూస్తారు. అక్టోబరు ఆఖరుకల్లా ఊగేవి రెండుకి దిగాలి, లేకపోతే కాంట్రాక్టు లేదు.

ఇవాళ ఊగినవి పదకొండు.

సెప్టెంబరు 27

పన్నెండు.

అక్టోబరు 4

పది. వదిన ఈమధ్య హాస్యాలాడటం మానేసింది. పిల్లల ఫీజు గురించి క్యాంటీనులో ఎవరినో అడుగుతోంది. నేను పక్క బల్ల మీదే కూర్చున్నాను. నా ప్లేటు పూర్తిచేసి లేచి వచ్చేశాను.

అక్టోబరు 7, సోమవారం

మధ్యాహ్నం భోజనాల వేళ. కిటికీలోంచి చూస్తే వదిన గేటు వైపు వెళ్తోంది. క్యారేజీ సంచీ మోకాలికి తగులుతోంది, అన్నం డబ్బాకి అంత బరువుండదు. మావయ్య కూర్చునే గదికి ముందు ఒక రాతి మెట్టు ఉంది. నున్నటి నాపరాయి. సంచీలోంచి పేపరు చుట్టిన రెక్కలు మూడు తీసింది.

మావయ్య తన డబ్బా పక్కకి జరిపాడు. ఒక రెక్కని మెట్టు మీద పెట్టాడు. వదినని కళ్లు మూసుకోమన్నట్టున్నాడు. ఆవిడ ముందు నవ్వింది, తర్వాత మూసుకుంది. ఆయన ఆవిడ వేలి ముందు తన వేలు పెట్టి నడిపించాడు. సగం దూరం దాకా. ఆపాడు. ఏదో అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ మొదట్నుంచి.

ఇలా ఎన్నిసార్లో. నా అన్నం ముట్టలేదు.

రెక్క ఒక్కటి గది దాటినా ఉద్యోగం ఊడుతుంది. దొంగతనం కింద లెక్క. ఆ రూలు నోటీసు బోర్డు మీద ఉంది. గేటు దగ్గర చూసి పట్టుకోవాల్సిన మనిషి మావయ్యే.

అక్టోబరు 10

తొమ్మిది.

అక్టోబరు 16

పదకొండు గంటలకి వదిన టీ గ్లాసు పట్టుకుని రంగుల గదిలోకి వెళ్లింది. లోపల నుంచి మేస్త్రి గొంతు, "వచ్చిందమ్మా మహాతల్లి, ఇవాళ ఎవడు తాగొచ్చాడో చెప్పు!" తర్వాత సుత్తి చప్పుడు. ఒకే దెబ్బ.

అక్టోబరు 17

ఐదు.

అక్టోబరు 24

మూడు.

అక్టోబరు 28, సోమవారం

ఒకటి.

జీఎం గారు ఆ అంకె రెండుసార్లు చదివించుకున్నారు. వదినకి ఆరు నెలలు పొడిగింపు. చప్పట్లు. రంగుల మేస్త్రి చప్పట్లు కొడుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏం చేస్తే తగ్గిందమ్మా? ఒక్క ముక్కలో చెప్పు, పటంలో ఎక్కించుకుందాం."

నా దగ్గర సమాధానం ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి నిజంగా ఉంది. చెబితే ఏమవుతుందో కూడా వరసగా కనిపించింది. గేటు దగ్గర నేర్పడానికి ఒక ఫారం వస్తుంది. టీ గ్లాసుకి రిజిస్టరు వస్తుంది. రోజుకెన్ని కొక్కేలు చూశావని సోమవారం అడుగుతారు. అంకె కోసం వదిన వంగని కొక్కేల్ని కూడా కొట్టిస్తుంది. అంతకంటే ముందు రెక్కలు గది ఎలా దాటాయని అడుగుతారు. అప్పుడు ఎవరి మీద వేలు పెట్టాలో కూడా అడుగుతారు.

"మిషను సెట్టయింది సార్" అన్నాను.

"అదీ! ఒక్క ముక్కలో చెప్పింది చూశారా?" అన్నారు. మిషను కంపెనీకి మెచ్చుకోలు ఉత్తరం వెళుతుందిట.

సాయంత్రం నాలుగింటికి పోస్టాఫీసు పని పడింది. గేటు దగ్గర ఆగాను. ఆయన రిజిస్టరు తిప్పి పెట్టాడు. అట్ట మీద సుద్దపొడి ఉంది, మూడు వేళ్ల గుర్తులు. చేత్తో తుడవబోయి, నేను చూస్తున్నానేమోనని ఆగాడు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను, ఆయన తుడిచేదాకా.

మీటింగులో ఏం చెప్పానో చెప్పాలనిపించింది. చెబితే కూలి అడిగినట్టుంటుంది.

"టైము మేడం."

వేశాను. ఇంకేమైనా అంటాడేమోనని ఆగలేదు, అని రాయబోయాను. నిజానికి ఆగాను. లారీ వచ్చింది.

ఇంటికొచ్చి కొత్త పటం పరిచాను. గేటుకీ రెక్కల గదికీ మధ్య జానెడు ఖాళీ ఉంది. పెన్సిలు చెక్కాను. మళ్లీ డబ్బాలో పెట్టేశాను.